ఎనిమిదో పాట

“దేవుని దగ్గర పెట్టినదాన్ని ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలె?” సులోచన మూడోసారి అడిగింది.

“నేను ముట్టలేదమ్మా. డబ్బా అక్కడనే ఉన్నది గద,” అన్నాడు సుమంత్.

“డబ్బా ఉన్నది. లోపలి అట్ట ఏది?”

పూజగూట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు కొత్త క్యాసెట్టు ఉంది. నిన్న సాయంత్రం సుమంత్ తెచ్చినప్పుడు సులోచన దానికి పసుపు కుంకుమ పెట్టి, ఆదివారం సభ అయ్యేదాకా ఎవరూ తీయకూడదని చెప్పింది. ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో క్యాసెట్టు బోసిగా కనబడుతోంది. రంగుల అట్ట లేదు.

“ఇయ్యాల ఆఫీసుకు తీస్కపోదామనుకున్న,” అన్నాడు రాఘవేందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. “అట్ట లేకుంట ఏం చూపియ్యాలె? ఖాళీ డబ్బానా?”

“తీస్కపోవద్దని నేనంటినని మీరే తీసి దాచిండ్రేమో.”

“నేనెందుకు దాస్త? నా జేబులు చూసుకో.”

“నా దగ్గరున్నది,” అంది నవత.

ముగ్గురూ తిరిగి చూశారు. నిన్న సాయంత్రం నుంచి ఆమె మాట్లాడలేదు. తలనొప్పి అని పడుకుంది. ఇప్పుడు స్నానం చేసి, జడ వేసుకుని, ఉద్యోగానికి వెళ్ళే చీరలో గది గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో మడతలు విప్పిన అట్ట ఉంది.

“చదువుత, వినుండ్రి,” అంది. “పాత బతుకమ్మ పాటలు. మూలం, శ్రీమతి బాలనాగమ్మ. సేకరణ, సుమంత్. గానం, నవత, బృందం.”

అశోక్‌నగర్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు షార్ట్‌హ్యాండ్ డిక్టేషన్ ఇచ్చినట్టే చదివింది. గొంతు పెరగలేదు.

“పాటలు రాసినోళ్ల పేరు ఎక్కడున్నదో నాకు కనపడలే. మీకేమన్న కనపడ్డదా?”

“గానం అని వేసిండ్రు గద,” అన్నాడు సుమంత్. “అందరికంటె పెద్దక్షరాలు నీయే.”

“ఎనిమిది పాటలు, అన్నా. రెండేండ్లు రాసిన. పాడైపోయిన టైపు కాయితాల వెనుక రాసుకొని, బస్సుల బాణీలు కట్టుకున్న. నువ్వు ఎప్పుడు సేకరించినవ్? ఏ ఊర్ల?”

మూలన కూర్చుని మెంతికూర ఒలుస్తున్న బాలనాగమ్మ చెయ్యి చాచింది.

“ఏదీ, ఇటు తే బిడ్డా. నా పేరు చదివినవ్ కదా.”

సులోచన తల్లి ఆమె. అల్లుడి ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళవుతోంది. అట్టను కళ్ళకు దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుని చూసింది.

“ఇది నా పింఛిని ఫోటో కాదూ?”

సుమంత్ తల్లి వైపు చూశాడు.

మూడు వారాల కిందట, ముసలమ్మకు పింఛను దరఖాస్తు పెట్టాలి, ఫోటో కావాలి అని సులోచన చెప్పింది. నవతే సెలవు పెట్టి అమ్మమ్మను ఆటోలో నారాయణగూడ స్టూడియోకు తీసుకెళ్ళింది. తలదువ్వింది. కొంగు సర్ది, గడ్డం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తింది. జర నవ్వు అమ్మమ్మా అంటే, పింఛనుకు నవ్వితే ఇస్తరా అని ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వే అట్ట మీద అచ్చయింది.

“అంటే పింఛిని రాదా?” అంది బాలనాగమ్మ.

“శాలువ కప్పుతరు అత్తమ్మా,” అన్నాడు రాఘవేందర్. “ఆదివారం, గానసభల. మినిస్టరు గారి పీఏ వస్తుండు.”

“నాకెందుకు కప్పుతరు? నాకొచ్చేటివి రెండు పాటలు. రెండూ సావుకాడ పాడేటియే.”

సుమంత్‌కు నవ్వొచ్చింది. చెల్లెలి ముఖం చూసి ఆపుకున్నాడు.

“బాపూ,” అంది నవత. “నీకు తెలుసా?”

రాఘవేందర్ గడియారం కోసం షెల్ఫు మీద వెతికాడు. గడియారం చేతికే ఉంది.

“కంపెనీ ఇచ్చిన కాయితం నేను చదివిన,” అన్నాడు చివరికి.

“చదవకుండ సంతకం పెట్టొద్దని ఇంటికొచ్చినోళ్లకందరికి చెప్తవు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఇరవై ఆరేండ్ల నుంచి అదే చెప్తున్నవు.”

“చదివే పెట్టమన్న. అండ్ల తప్పేమున్నది? మీ అమ్మమ్మ పేరు, మీ అన్న పేరు, నీ పేరు. అంతా ఇంట్లనే ఉన్నది గద.”

“నాకెందుకు చెప్పలే?”

“నువ్వు ఇట్ల పరేషాన్ చేస్తవనే.”

“ఎందుకు మమ్మల్ని అందరిని అంటున్నవు?” సుమంత్ అందుకున్నాడు. “అమ్మమ్మ పాటలని మొదలు చెప్పింది ఎవరు? గల్లీల ఎవర్నైన అడుగు. నువ్వే చెప్పినవ్.”

ఆ మాట నవతకు తగిలింది. ఎందుకంటే అది నిజం.

రెండేళ్ళ కిందట ఆ గల్లీ బతుకమ్మలో ఆమె మొదటిసారి తన పాట పాడింది. చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్ళు రెండో చరణానికే అందుకున్నారు. ఆట అయ్యాక ఎవరో అడిగారు, ఎవరి పాటే ఇది, కొత్తగున్నది అని. నేను రాసిన అనడానికి నోరు రాలేదు. ఆ ఇళ్ళలో ఎవరూ అట్లా అనరు. బాగా వచ్చిన కూరను మా అత్త నేర్పింది అంటారు. వాకిట్లో వేసిన ముగ్గును మా అక్కది అంటారు. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల పాట కట్టినానని చెప్పుకుంటే పక్కకు తిరిగి నవ్వుతారు. మా అమ్మమ్మది అని చెప్పేసింది. ఆ తర్వాత ప్రతి పాటకూ అదే చెప్పింది.

“అది బతుకమ్మ కాడ చెప్పిన మాట,” అంది. “కాయితం మీద కాదు.”

“ఇప్పుడు కాయితం మీద ఎక్కింది. అంతే తేడా.”

నవత తల్లి వైపు తిరిగింది. “అమ్మా. నువ్వు చెప్పు.”

సులోచన పూజగూటి ముందు నిలబడి డబ్బా మీది కుంకుమ సర్దుతోంది.

“అన్నం మాడుతున్నది,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొయ్యి మీద అప్పటికింకా ఏమీ ఎక్కలేదు.

*

ఇన్‌స్టిట్యూట్‌కు పోలేదు నవత. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిచే వెళ్ళింది.

పున్నాగ ఆడియో ఆఫీసు ఒక బేకరీ పైన ఉంది. మెట్ల మీద దాకా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా ‘పాత బతుకమ్మ పాటలు’ అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. పండుగకు ఇంకా పన్నెండు రోజులుంది.

జూన్ నెలలో ఈ మెట్లే రెండేసి ఎక్కింది. పాటలు ఎంచిన రోజు అది. ఆ తర్వాత రెండు రోజులు స్టూడియోలో రికార్డింగు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని తన గొంతు తానే విన్నప్పుడు ముందు భయపడింది. తర్వాత ఆగలేకపోయింది. ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మీద వాయించిన తాళం పున్నాగ యజమాని విద్యాసాగర్‌కు నచ్చలేదు. చప్పట్లు నిజంగా కావాలన్నాడు. గల్లీ నుంచి తొమ్మిది మంది ఆడవాళ్ళను మెటాడోర్ వ్యానులో తెప్పించి, ఒక మైకు చుట్టూ నిలబెట్టాడు. అందులో అమ్మ కూడా ఉంది. ఏడు పాటలకు చప్పట్లు కొట్టింది. ఎనిమిదోది మొదలయ్యేసరికి ఏసీకి చలి పెడుతోందని బయటికి పోయి బెంచీ మీద కూర్చుంది.

“రామ్మా, కూర్చో,” అన్నాడు విద్యాసాగర్. “టీ చెప్పనా?”

“వద్దు సార్. రాసినవాళ్ళ పేరు ఎందుకు వెయ్యలేదు?”

అతను ఆశ్చర్యపోలేదు. ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు.

“చూడమ్మా, పండక్కి జనం కొనేది పాత పాటలు. నవత అనే అమ్మాయి కొత్తగా రాసిన బతుకమ్మ పాటలు అని వేస్తే, నవత ఎవరు అంటారు. బాలనాగమ్మగారి ఫోటో వేస్తే ఎవరూ ఏమీ అడగరు. వాళ్ళ ఊళ్ళో కూడా ఇలాంటి ముసలమ్మ ఒకరుంటుంది కాబట్టి కొనుక్కుంటారు.”

“నన్నడగాలి కదా.”

“మీ ఇంట్లో అడిగాను. మీ నాన్నగారు చదివారు, మీ అన్నయ్య సంతకం పెట్టాడు. మీ అమ్మగారే స్వయంగా రెండుసార్లు వచ్చారు.”

“అమ్మా? ఇక్కడికా?”

“అదిగో, ఆ కుర్చీలోనే కూర్చున్నారు.”

నవత ఆ కుర్చీ వైపు చూసింది. అమ్మ ఒంటరిగా మెయిన్ రోడ్డు దాటదు. కూరగాయలకైనా తోడు అడుగుతుంది. సిటీ బస్సెక్కాల్సి వస్తే ముందు రోజు నుంచీ హైరానా పడుతుంది.

“మొదటిసారి వచ్చినప్పుడు ఎనిమిదో పాట తీసేయమన్నారు,” అన్నాడు విద్యాసాగర్. “క్యాసెట్టంతటికీ అదే ప్రాణమమ్మా, తీయనన్నాను. రెండోసారి వచ్చి, అయితే మా అమ్మ పాటని వేయండి, చాలా పాతదని వేయండి అన్నారు. నాకూ అదే కావాలి. కానీ ఒక్కటి పాతదీ ఏడు కొత్తవీ అంటే అతకదు కదా. అన్నీ పాతవైపోయాయి.”

నవత వెళ్ళడానికి తిరిగింది.

“ఇంకో మాట,” అన్నాడతను అదే మెత్తని గొంతుతో. “ఆదివారం స్టేజీ మీద నువ్వు పాడితే చాలు. వేరే మాటలు మాట్లాడావంటే ఈ పెట్టెలన్నీ దుకాణాల నుంచి వెనక్కొస్తాయి. నీ రెండో క్యాసెట్టూ ఉండదు. మీ అన్నయ్యకి ఒకటో తారీఖు నుంచి ఇక్కడ రికార్డింగ్ పని ఇస్తానన్నాను. అదీ ఆలోచించుకో.”

*

సాయంత్రం సులోచన జొన్నరొట్టెలు తడుతోంది. నవత వంటింట్లోకి వచ్చి, ప్రతిసారీ కూర్చునే చోటే, బియ్యం డబ్బా మీద కూర్చుంది.

రెండు రొట్టెలు అయ్యాయి.

“నారాయణగూడకు ఎట్ల పోయినవ్?” అంది నవత.

సులోచన చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పిండి మీద పడింది. “నడిచి పోయిన.”

“రెండుసార్లు?”

“రెండుసార్లు.”

“నన్ను తోడు అడగలే.”

“నిన్నెట్ల అడుగుత?”

నవత మెల్లగా ఆ పాట ఎత్తుకుంది. పాడినట్టు కాదు, మాట చెప్పినట్టు.

“పీటలేసిన చెయ్యి ఉయ్యాలో, పీట మీద కూసోదు ఉయ్యాలో. అందరు తిన్నంక ఉయ్యాలో, అడుగంటిన బువ్వ ఉయ్యాలో. తలుపు సాటున నిలబడి ఉయ్యాలో, గబగబ తిన్నదో ఉయ్యాలో.”

“ఆపు.”

“దీన్ల నిన్ను ఏమన్న అన్ననా అమ్మా? ఒక్క మాట తప్పున్నదా?”

“తప్పు లేదు. అదే తప్పు.”

సులోచన రొట్టె పెనం మీద వేసి, తడి చెయ్యి పైన రాసింది.

“పోయినేడు ఇది పాడినవ్ గద, సద్దుల బతుకమ్మ నాడు. ఆట అయినంక ఎదురింటి ఆదిలక్ష్మిగారు నా దగ్గరికి వచ్చింది. అందరి ముంగట అడిగింది. ‘సులోచనగారూ, మీరు కూర్చుని తినరా?’ అని.”

నవత తల ఎత్తింది. ఈ సంగతి ఆమెకు తెలియదు.

“నవ్వుకుంట అడిగితే పోనీ అందును. జాలిగ అడిగింది. అప్పటి నుంచి వాళ్లింట్ల పేరంటానికి పోతే నాకు ముందుగాల కుర్చీ వేస్తున్నది. కూసోండి సులోచనగారూ, కూసోండి అని. నేను నిలబడితే వాళ్లందరికి నన్ను కూసోనియ్యని మీ బాపు కనపడుతుండు, నా అత్త కనపడుతున్నది.”

“నేను నిన్నన్నది కాదమ్మా. మమ్మల్ని అనుకున్న. మేం కూసొని తింటుంటిమి గద, మమ్మల్ని.”

“వినేటోళ్లకు గది తెల్వదు. వాళ్లకు నేనే కనపడుత. నేను తినేటప్పుడు చూస్తున్నవని నాకు తెల్వనే తెల్వదు నవతా. నా ఇంట్ల, నా వంటింట్ల, నేను తినేది చూసి పాట కట్టి గల్లీకి వినిపించినవ్. ఇప్పుడు క్యాసెట్టుల పెట్టి ఊరూరికి వినిపిస్తవ్. నన్ను ఒక్క మాట అడిగినవా?”

నవత చూపు పెనం మీదికి దించుకుంది.

“పాతదైతే ఎవరి ముచ్చటో. నీదైతే నాదే,” అంది సులోచన. “గందుకే పాతదన్న.”

“ఒక్క పాట కోసం ఏడు పాటలు తీసుకున్నవ్.”

“అన్నీ ఒక్కతీరుగ ఉండాలన్నడు సేటు.”

“నాకు చెప్తే అయిపోతుండె గద.”

“చెప్తే ఒప్పుకుందువా? ఆ పాట తీసెయ్యి అంటే తీసేద్దువా?”

నవత నిజంగానే ఆలోచించింది. ఆ స్టూడియోలో, హెడ్‌ఫోన్‌లో ఆ పాట విన్న రోజు గుర్తొచ్చింది. తీసేసేది కాదు. అమ్మ కాళ్ళు పట్టుకున్నా తీసేసేది కాదు.

“సరే, నన్ను అడగలే,” అంది. “కాని అమ్మమ్మ ఫోటో నాతోనే తీయించినవ్. నేను తలదువ్విన, నేను కొంగు సర్దిన. నా పేరు తీసేసే పనికి నా చేతులే కావాల్సొచ్చినయా?”

సులోచన తల తిప్పుకుంది. ఈసారి నిజంగానే రొట్టె మాడింది.

*

అన్నాల వేళకు సుమంత్ గబగబా మెట్లెక్కి వచ్చాడు.

“కింద ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసిండు సాగర్ సారు. నువ్వు ఆఫీసుకు పోయి లొల్లి పెట్టినవంట?”

“లొల్లి పెట్టలే. అడిగిన.”

“రెండేండ్లు ఆర్కెస్ట్రాల వెంట తిరిగి, ఇప్పుడొక నౌకరి చేతికొస్తున్నది. అది గూడ కానియ్యవా?”

“ముందు కూసోరా,” అన్నాడు రాఘవేందర్. “తినుండ్రి. తిన్నంక మాట్లాడుదం.”

సులోచన పీటలు వేసింది. రాఘవేందర్, సుమంత్, నవత కూర్చున్నారు. బాలనాగమ్మ గోడకు ఆనుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. మధ్యాహ్నం నుంచీ ముసలమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. అట్ట మాత్రం మడిచి బొడ్లో దోపుకుంది.

పప్పు వడ్డించేటప్పుడు గరిటె గిన్నెకు తగిలిన చప్పుడు వినబడుతోంది.

“ఆదివారం దాకా గమ్మునుండు బిడ్డా,” అన్నాడు రాఘవేందర్ కూతురు వైపు చూడకుండా. “సభ కానీ. పండుగ కానీ. వచ్చే క్యాసెట్టుకు నీ పేరు వేయిస్త. నేను మాట్లాడుత.”

“వచ్చే క్యాసెట్టు నేను రాస్తనని ఎట్ల అనుకున్నవ్ బాపూ?”

ఆయన రొట్టె తుంచి పప్పులో ముంచాడు.

అందరికీ వడ్డించడం అయింది. సులోచన మాడిన రొట్టె, ఇంత పప్పు తన పళ్ళెంలో వేసుకుని వంటింటి తలుపు పక్కన నిలబడింది. ఎవరికి ఏం కావాలో అక్కడినుంచి కనబడుతుంది.

నవత చెయ్యి కడుక్కోలేదు. సగం తిన్న పళ్ళెం ముందు కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా అంది.

“ఆదివారం నేను వస్త.”

సుమంత్ ఊపిరి వదిలాడు. “గట్లను. ఇంత ముచ్చటకు పొద్దుగాల నుంచి…”

“ఇంకా అయిపోలే అన్నా. ఏడు పాటలు పాడుత. పాడే ముందు, ఇవి నేను రాసిన పాటలని చెప్పి పాడుత. ఇంకెవరినీ ఏమీ అనను. అమ్మమ్మదని మొదలు చెప్పింది నేనే అని గూడ చెప్త.”

“చెప్తే నా నౌకరి పోతది.”

“పోవచ్చు.”

“చెల్లెవు కాబట్టి అంటున్న…”

“సేకరణ అని పేరు వేయించుకున్ననాడు నేను నీ చెల్లెననేనా?”

సుమంత్ పళ్ళెం ముందుకు నెట్టాడు. లేవలేదు.

“మరి ఎనిమిదోది?” అన్నాడు రాఘవేందర్. లెక్క తప్పిపోకుండా చూసుకునే మనిషి.

“అది నాది కాదు,” అంది నవత. “ఇయ్యాల్టి నుంచి ఎక్కడా నాదనను. మీరన్నట్టే, చాలా పాతది.”

“జనం అడిగేది దాన్నే గద. సాగర్ సారు దానితోనే సభ అయిపోగొడ్తనన్నడు,” అన్నాడు రాఘవేందర్. “నువ్వు పాడకుంటే ఎవరు పాడుతరు? అత్తమ్మకు రాదు.”

“నాకు రాదు,” అంది గోడ దగ్గరనుంచి బాలనాగమ్మ. మధ్యాహ్నం నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట.

నవత అప్పుడు తల ఎత్తింది. తలుపు పక్కకు చూసింది.

“వాళ్లమ్మ పాట గద,” అంది నెమ్మదిగా. “అమ్మ పాడుతది.”

సులోచన నోటి దాకా ఎత్తిన ముద్ద అక్కడే ఆగింది. రాఘవేందర్, సుమంత్, బాలనాగమ్మ ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆ తలుపు పక్కన ఆమె నిలబడి తింటుండగా ఇంట్లో అందరూ ఒకేసారి చూడటం అదే మొదలు.